చూపు ఆనని నీళ్లలో వెతకడం: వాలంటీర్ డైవ్ టీమ్‌లో చేరాలనుకునేవారికి

ప్రశ్న: మూడేళ్లుగా సరదాకి స్కూబా డైవింగ్ చేస్తున్నాను. ఈత బాగా వచ్చు. నీళ్లలో మునిగిపోయినవాళ్లను వెతికే వాలంటీర్ టీమ్‌లో చేరాలని ఉంది. ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు. అక్కడ అసలు పని ఎలా ఉంటుంది? నేను ఎవరినైనా కాపాడగలనా?

సమాధానం:

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. చేరడానికి వచ్చే ప్రతి ఒక్కరి మనసులోనూ ఉండేది అదే. నేను ఇలాంటి టీమ్‌లో పదహారేళ్లుగా ఉన్నాను. మొదటి నాలుగేళ్లు ఒడ్డున తాడు పట్టాను. తర్వాత తొమ్మిదేళ్లు నీళ్లలోకి దిగాను. ఈ మూడేళ్లుగా ఎవరు దిగాలో, అసలు దిగాలో వద్దో చెప్పే బాధ్యత నాది. ఇన్నేళ్లలో మేం నీటి అడుగు నుంచి ప్రాణాలతో తెచ్చింది ఒక్కరినే. కారు నీళ్లలో పడింది, లోపల పైభాగంలో కొంచెం గాలి నిలిచింది, ఆ రోజు మా టీమ్ ఆ పక్కనే ట్రైనింగ్‌లో ఉంది. ఈ మూడూ కలిసొచ్చాయి కాబట్టి ఆమె బతికింది. మిగతా అందరినీ ఇంటివాళ్లకు అప్పగించడానికే తెచ్చాం.

మా చేతకానితనం వల్ల కాదు, టైమ్ వల్ల. నీళ్లు 6 డిగ్రీల సెల్సియస్ కంటే వెచ్చగా ఉంటే, పూర్తిగా మునిగి 30 నిమిషాలు దాటిన మనిషి బతికే అవకాశం దాదాపు ఉండదు. అంతకంటే చల్లటి నీళ్లలో 90 నిమిషాల దాకా ఆశ పెట్టుకోవచ్చు. రెస్క్యూ నిర్ణయాలకు వాడే మార్గదర్శకాల్లో ఉన్న లెక్క ఇది. వాలంటీర్లు ఎక్కడెక్కడి ఉద్యోగాల నుంచో లేచి, సామాను ఎక్కించుకుని, చోటికి చేరేసరికే చాలాసార్లు ఆ అరగంట అయిపోతుంది. చల్లటి నీళ్లు ఎంత తేడా చేస్తాయో చెప్పాలంటే, 1999లో నార్వేలో స్కీయింగ్ చేస్తూ మంచు కింద వాగులో ఇరుక్కుపోయిన స్వీడన్ డాక్టర్ అన్నా బోగెన్‌హోల్మ్ సంగతి చెప్పాలి. ఆమె 80 నిమిషాలు ఆ నీళ్లలో ఉంది. అందులో సుమారు సగం సేపు చిన్న గాలి ఖాళీలో ఊపిరి పీల్చుకోగలిగింది, తర్వాత గుండె ఆగింది. ఒంటి వేడి 13.7 డిగ్రీలకు పడిపోయింది. అయినా బతికించారు. అందుకే టైమ్ మిగిలి ఉందన్న ఆశ ఏ కొంచెం ఉన్నా మేం రెస్క్యూగానే పరుగెడతాం. ఆ టైమ్ దాటాక అదే పని రికవరీ అవుతుంది, అంటే మృతదేహాన్ని వెలికితీయడం. అప్పుడు అన్నీ మారాలి: మా వేగం, మేం తీసుకునే రిస్క్, మాట్లాడే తీరు కూడా.

కాబట్టి మీరు కాపాడేది ఎవరిని అంటే, ఎక్కువసార్లు ఒడ్డున కూర్చున్నవాళ్లని. మనిషి దొరకని ఇంట్లో ఎవరూ తలుపు గడియ వేసుకోలేరు. దొరికాక ఏడుస్తారు, కనీసం ఏడవగలుగుతారు. ఈ పని విలువ అదని మీకు అనిపిస్తేనే మిగతాది చదవండి.

ఇక పని సంగతి. మీరు సరదా డైవింగ్‌లో నేర్చుకున్నదాంట్లో కొంత మర్చిపోవాలి. అక్కడ అడుగుకి తగలకుండా తేలుతూ ఉండటమే నేర్పు, పక్కన జోడీ డైవర్ ఉంటారు, కళ్లే ఆధారం. ఇక్కడ బరువు కొంచెం ఎక్కువే కట్టుకుని బురదలో బోర్లా పడుకుని పాకుతారు. కదలగానే బురద లేస్తుంది, ఇక మాస్క్‌కి ఆనించిన సొంత చెయ్యి కూడా కనపడదు. అలాంటి నీళ్లలో జోడీ డైవర్ ఉంటే ఒకరి తాడు ఒకరికి చుట్టుకోవడం తప్ప లాభం లేదు. అందుకని ఒక్కరే దిగుతారు, ఒంటికి తాడు కట్టుకుని. ఆ తాడు రెండో కొస ఒడ్డునో పడవలోనో ఒక మనిషి చేతిలో ఉంటుంది. టెండర్ అంటాం.

డైవర్ కంటే ఎక్కువ తెలిసినవాళ్లని తాడు దగ్గర పెట్టాలన్నది నా అభిప్రాయం. కింద ఉన్నవాళ్లకి తాము ఎక్కడున్నారో తెలియదు, ఎటు పోతున్నారో తెలియదు. వెతకడాన్ని నడిపేది టెండరే. తాడు బిగువుగా ఉంచి డైవర్‌ని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి వంపుగా తిప్పుతారు. ఆ కొసకి చేరగానే తాడు కొంచెం లోపలికి లాగుతారు, డైవర్ వెనక్కి తిరిగి పక్క వరసలో పాకుతారు. ఎంత లాగాలన్నది వెతుకుతున్న మనిషి సైజుని బట్టి ఉంటుంది. పెద్దవాళ్లయితే ఒక చేతి చాపు సరిపోతుంది, చిన్నపిల్లలైతే అందులో సగమే. వరసకీ వరసకీ మధ్య ఖాళీ మిగిలితే ఆ ఖాళీలోనే మనిషి ఉండిపోతారు, ఆ చోటు చూసేశామని మనం రాసేసుకుంటాం. ఇంతకంటే చెడ్డ తప్పు మా పనిలో లేదు. ప్రతి వరసనీ కాగితం మీద గీస్తాం. తర్వాత దిగేవాళ్లకి ఆ గీతలే కళ్లు.

మాటలు తాడు మీదే. మా టీమ్‌లో ఒడ్డు నుంచి ఒక లాగు అంటే 'బాగున్నావా', రెండు అంటే 'ఆగి దిశ మార్చు', మూడు అంటే 'పైకి రా', నాలుగు అంటే 'కదలకు, ప్రమాదం'. కింది నుంచి ఒకటి అంటే 'బాగున్నా', రెండు అంటే 'తాడు వదులు', మూడు అంటే 'దొరికింది', నాలుగు అంటే 'నాకు సాయం కావాలి'. ఇవి టీమ్‌ని బట్టి మారతాయి, చేరిన రోజే అడిగి నేర్చుకోండి. ఇప్పుడు ముఖమంతా మూసే మాస్క్‌లలో మైక్ ఉంటుంది, మాట్లాడుకోవచ్చు. అయినా తాడు సైగలు మానం. మైక్ పాడైపోయిన రోజు తాడే దిక్కు.

ఒకరు నీళ్లలో ఉంటే ఇంకొకరు సిలిండర్, ఫిన్స్ అన్నీ తగిలించుకుని, మాస్క్ ఒక్కటి పెట్టుకోవడమే మిగిలేలా ఒడ్డున కూర్చోవాలి. బ్యాకప్ డైవర్. సాయం కావాలని నాలుగు లాగులు వస్తే ఈ మనిషి మొదటి డైవర్ తాడుకే క్లిప్ వేసుకుని దాని వెంటే దిగుతారు, వెతుక్కునే పని ఉండదు. ఎండలో ఆ సూట్‌లో గంటలకొద్దీ కూర్చోవడం చాలా కష్టం. బ్యాకప్‌ని లేపి "కాసేపు నీడకి వెళ్లు" అన్న జాలి లీడర్ ఉంటే, ఆ జాలి మంచిది కాదు. మనిషిని మార్చాలి తప్ప ఆ కుర్చీ ఖాళీ ఉండకూడదు. మూడో డైవర్ సగం సిద్ధంగా ఉంటారు. టైమ్ రాసేవాళ్లు ఒకరు. అంటే ఒక్కరు నీళ్లలోకి దిగాలంటే ఒడ్డున కనీసం నలుగురైదుగురు కావాలి. అంతమంది లేని రోజు మేం దిగం.

ఒక్కో డైవ్ ఇరవై నిమిషాలకు మించకుండా చూస్తాం. సిలిండర్‌లో మూడో వంతు గాలి మిగిలి ఉండగానే పైకి రావాలి. గేజ్ కళ్లకి ఆనించినా కనపడని చోట్ల ఉంటాం కాబట్టి, పైకొచ్చే బుడగలని బట్టి ఊపిరి వేగాన్ని ఒడ్డునుంచి లెక్క కడతారు. "నాలుగు మీటర్లే కదా" అనే మాట ఎవరైనా అంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. కంప్రెస్డ్ గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి ఒక మీటరు పైచిలుకు లోతు నుంచి పైకి వచ్చినా ఊపిరితిత్తి దెబ్బతినవచ్చు.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పని. అది నీళ్లలో జరగదు. చివరిసారి ఎక్కడ కనిపించారు అన్నది తేల్చడం. నిలకడ నీళ్లలో మునిగిన మనిషి దాదాపు మునిగిన చోటే అడుగుకి చేరతాడు. నదిలో కూడా పైన నీళ్లు జోరుగా పోతుంటే చూసేవాళ్లు కిలోమీటర్లు కొట్టుకుపోయాడనుకుంటారు, కానీ అడుగున ప్రవాహం చాలా నెమ్మది. వరద లేనప్పుడు మాకు చాలామంది అనుకున్నదానికంటే దగ్గరలోనే దొరికారు. అంటే ఆ చోటు సరిగ్గా తెలిస్తే పని గంటల్లో అవుతుంది, తప్పయితే రోజులు.

చూసినవాళ్లని ఒక్కొక్కరిని విడిగా అడగాలి. కలిపి అడిగితే గట్టిగా మాట్లాడే మనిషి జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అవుతుంది. వేలు చూపించమని వదిలేయకూడదు. చూసినప్పుడు ఎక్కడున్నారో అక్కడికే తీసుకెళ్లి, పడవని నీళ్లలో కదిలిస్తూ "ఇక్కడా? ఇంకా ఎడమకా?" అని అడగాలి. ఆ వరసలో అవతలి ఒడ్డున ఏ చెట్టు కనిపిస్తోందో రాసుకోవాలి. రెండు వేర్వేరు చోట్ల నుంచి చూసినవాళ్లు దొరికితే ఆ రెండు గీతలు కలిసే చోటు బంగారం.

ఒకసారి ఒక కుర్రాడు తన స్నేహితుడు చెరువు నడి మధ్యలో మునిగాడని చెప్పాడు. రోజంతా అక్కడే వెతికాం. సాయంత్రం నేను వాడి పక్కన కూర్చుని, అప్పుడు ఏం చేస్తున్నావని అడిగాను. బండ మీద కూర్చుని చెప్పులు విప్పుతున్నాడట. పొద్దున మేం అడిగినప్పుడు మాత్రం నిలబడి చూపించాడు. మళ్లీ అదే బండ మీద కూర్చోబెట్టాం. నీటి మట్టానికి కన్ను ఎంత దగ్గరగా ఉంటే దూరాలు అంత మోసం చేస్తాయి. కూర్చుని చూపించిన చోటు మేం వెతికినదానికి పదిహేను మీటర్లు ఇవతల ఉంది. మర్నాడు మొదటి డైవ్‌లోనే దొరికాడు. ఆ ఒక్క ప్రశ్న పొద్దున్నే అడగనందుకు ఆ తల్లి ఒక రాత్రంతా ఒడ్డున కూర్చోవాల్సి వచ్చింది. అప్పటినుంచి "అప్పుడు మీరు నిలబడ్డారా, కూర్చున్నారా?" అన్నది మా ఫారంలో మొదటి ప్రశ్న.

సోనార్ వచ్చాక పని చాలా మారింది. పడవ వెనక లాగే సైడ్ స్కాన్ సోనార్ శబ్దంతో అడుగు బొమ్మ గీస్తుంది. మనిషి ఆకారం కంటే ఆ ఆకారం వెనక పడే నీడని చూసి గుర్తుపడతాం. అమెరికాలోని ఐడహోకి చెందిన జీన్, సాండీ రాల్‌స్టన్ దంపతులు సొంత పడవతో, సోనార్‌తో వాలంటీర్లుగా తిరిగి వందమందికి పైగా మృతదేహాల జాడ కనిపెట్టారు. సోనార్ ఉన్న టీమ్‌లో డైవర్ ఊరికే వెతకడానికి కాకుండా, ఇక్కడ ఏదో ఉందని తెలిసిన చోట తేల్చుకోవడానికి దిగుతారు. నీళ్లలో ఉండే టైమ్ తగ్గితే ప్రమాదమూ తగ్గుతుంది. మునిగిన చెట్ల మధ్య, వంతెన స్తంభాల దగ్గర మాత్రం ఇంకా చేతులే వెతకాలి.

మీ ఇంట్లోవాళ్ల భయం గురించి. భయం న్యాయమైనదే. కాకపోతే వాళ్లు భయపడే వాటికీ అసలు ప్రమాదాలకీ పోలిక ఉండదు. శవాలు, చీకటి, లోతు, ఇవి కాదు మమ్మల్ని చంపేవి. పాత చేపల వలలు, గాలం దారాలు, ఇనప తీగలు. అందుకే ఒంటి మీద కనీసం రెండు చోట్ల, ఏ చేతికైనా అందేలా కోసే సామాను ఉంటుంది. ఇంకోటి తూములు, గేట్లు. ఒక పక్క నీటి మట్టం ఇంకో పక్క కంటే 3 మీటర్లు ఎక్కువ ఉండి, అడుగున 30 సెంటీమీటర్ల చదరపు సందు ఉందనుకోండి. ఆ సందుకి అడ్డం పడ్డ మనిషి మీద సుమారు 270 కిలోల తోపుడు ఉంటుంది. పైన నీళ్లు అద్దంలా నిశ్చలంగా కనిపిస్తాయి, దగ్గరికి వెళ్లేదాకా లాగుతున్నట్టే తెలియదు. తగులుకున్నాక ఎంతమంది తాడు లాగినా లాభం లేదు. గేట్లు మూసి, తాళం వేసి, ఆ తాళంచెవి మా మనిషి జేబులో ఉంటే తప్ప ఆ దరిదాపుల్లో ఎవరినీ దింపను. నీళ్లు దూకే చిన్న ఆనకట్ట కింది భాగం కూడా అంతే. దూకిన నీళ్లు వెనక్కి తిరిగి గోడ వైపే లాగుతాయి. మునిగినవాళ్లకోసం వెళ్లిన పడవలు కూడా అందులో చిక్కుకుంటాయి.

రికవరీలో ప్రాణం పెట్టకూడదు. ఇది చెప్పడం తేలిక, ఒడ్డున తండ్రి చేతులు జోడిస్తుంటే పాటించడం కష్టం. దక్షిణాఫ్రికాలో బోస్మన్స్‌గట్ అనే నీటి గుహలో 1994లో డియాన్ డ్రేయర్ అనే యువ డైవర్ చనిపోయాడు. పదేళ్ల తర్వాత, 2004లో ఆస్ట్రేలియా డైవర్ డేవ్ షా సుమారు 270 మీటర్ల లోతున ఆ దేహాన్ని చూశాడు. తల్లిదండ్రులకి అప్పగిస్తానన్నాడు. 2005 జనవరి 8న దిగాడు. అన్నేళ్లకి డైవింగ్ సూట్‌లో ఎముకలే మిగిలి ఉంటాయనుకున్నారు. కానీ దేహం అడుగు నుంచి విడివడి తేలడం మొదలుపెట్టింది, తాడు చిక్కుపడింది. అంత లోతున కొంచెం శ్రమపడినా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. ఆయన పైకి రాలేదు. కొన్ని రోజులకి, సామాను పైకి లాగుతుంటే ఇద్దరి దేహాలూ కలిసి వచ్చాయి. షా ఎంతో పెద్ద మనసుతో చేసిన పని అది. అందుకే కొత్తగా చేరినవాళ్లకి ఈ సంగతి తప్పకుండా చెబుతాను. మంచి మనసుతో వెళ్లామని నీళ్లు చూసి వదలవు.

ప్రాణాలతో ఉన్నారని తెలిస్తే లెక్క వేరు. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో చిక్కుకున్న 12 మంది పిల్లలనీ కోచ్‌నీ మొదట కనిపెట్టింది జాన్ వొలాంథెన్, రిక్ స్టాంటన్ అనే బ్రిటిష్ వాలంటీర్ గుహ డైవర్లు. గుహల్లో దశాబ్దాల అనుభవం ఉన్నవాళ్లు. ఆ పనిలోనే గాలి సిలిండర్లు లోపల పెట్టి తిరిగి వస్తూ సమన్ కునన్ అనే మాజీ నౌకాదళ డైవర్ చనిపోయాడు. అక్కడ పనిచేసిన ఇంకొకరు, థాయ్ నౌకాదళంలోని సీల్ అనే ప్రత్యేక దళ సభ్యుడు బెయిరుట్ పక్‌బారా, ఆ సమయంలో సోకిన రక్త ఇన్ఫెక్షన్‌తో 2019 డిసెంబర్‌లో కన్నుమూశాడు. ఈ రెండో మరణం గురించి తక్కువమందికి తెలుసు. మురికినీళ్లు, పెట్రోల్, కుళ్లినవి కలిసే చోట్ల దిగుతాం మనం. ఒళ్లంతా మూసే డ్రై సూట్, ముఖం మొత్తం మూసే మాస్క్ లేకుండా దిగకండి. పైకి వచ్చాక సూట్ విప్పకముందే కడిగించుకోండి. చిన్న గాయం ఉన్నా ఆ రోజు దిగనని చెప్పండి, ఎవరూ తప్పుపట్టరు.

దొరికాక ఏం చేస్తామన్నది చాలామంది అడగరు, నేను మాత్రం చెప్పాలనుకుంటాను. మృతదేహాన్ని నీళ్లలోనే సంచిలో పెడతాం. నీళ్లు కారిపోయేలా జాలీ ఉన్న సంచి. పైకి తెచ్చి ఒడ్డున అందరి ముందు పెట్టడం మాకు ఇష్టం లేదు. కేసు ఉంటే ఆధారాలు పోకుండా ఉంటాయి, అదొక కారణం. ఆ మనిషిని ఫోన్ కెమెరాలకి వదిలేయకూడదు, అది ఇంకా పెద్ద కారణం. రేడియోలో 'దొరికింది' అనం, ఒక మామూలు మాటని గుర్తుగా పెట్టుకుంటాం. ఇంటివాళ్లకి ఒక్కరే, పక్కకి తీసుకెళ్లి, చనిపోయారు అన్న మాట వాడి చెబుతారు. నీళ్లలో ఉన్నందుకు చర్మం, రంగు ఎలా మారతాయో చూసేముందే చెబుతాం. మా టీమ్‌లో ఎవరూ 'బాడీ' అనరు. పేరు తెలిస్తే పేరే.

వెచ్చటి నీళ్లలో కొన్ని రోజులకి లోపల గ్యాస్ చేరి దేహం తనంతట తానే తేలుతుంది. బాగా చల్లటి లోతుల్లో వారాలు పట్టవచ్చు, తేలకపోవచ్చు కూడా. నీళ్లు ప్రమాదంగా ఉన్నప్పుడు ఆగడం కూడా వెతకడంలో భాగమే అని ఇంటివాళ్లకి చెప్పడానికి ఈ సంగతి పనికొస్తుంది. ఒక వరదలో నేను రెండు రోజులు ఎవరినీ దింపలేదు. పోయినతని అన్న నా చొక్కా పట్టుకుని "మీ తమ్ముడైతే ఇలాగే నిలబడతారా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. నా వెనక నిలబడ్డ ఆరుగురికీ తమ్ముళ్లున్నారు. మూడో రోజు నీళ్లు తీశాయి, దిగాం, గంటలో తెచ్చాం.

ఆ తర్వాత మీకేమవుతుందో కూడా చెప్పాలి. చూపు లేని చోట చేతులు గుర్తుపెట్టుకుంటాయి. బురదలో ఒక జుట్టు తగిలిన స్పర్శ నాకు ఇప్పటికీ ఉంది. పని అయ్యాక ఎవరినీ ఒంటరిగా ఇంటికి పంపం, అక్కడే కూర్చుని జరిగింది జరిగినట్టు మాట్లాడుకుంటాం. చిన్నపిల్లల కేసు తర్వాత నిద్ర పట్టడం లేదని చెప్పేవాళ్లంటే నాకు ధీమా. ఏమీ కాలేదనేవాళ్లని రెండో రోజు మళ్లీ ఫోన్ చేసి అడుగుతాను. వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మొదలుపెట్టడం ఎలా అంటే, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ డైవర్ కోర్సులు పూర్తి చేయండి, తర్వాత డ్రై సూట్, ఆ తర్వాత పబ్లిక్ సేఫ్టీ డైవింగ్, అంటే ఇలాంటి వెతికే, కాపాడే పనుల కోసం చేసే డైవింగ్, శిక్షణ. ప్రథమ చికిత్స బాగా నేర్చుకోండి. మునిగినవాళ్లకి పొట్ట నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం చేయకూడదు, ముందు నోటి ద్వారా శ్వాస ఇవ్వాలి, ఆ తర్వాతే ఛాతీ నొక్కడం. ఈత కొలనులో మాస్క్‌కి నల్ల టేపు వేసుకుని, ఒంటికి దారాలు చుట్టించుకుని, కంగారు పడకుండా ఒక్కొక్కటీ కోసుకుని బయటపడటం సాధన చేయిస్తారు. ఆ రోజు మీ ఊపిరి లెక్కపెట్టుకోండి. నిమిషానికి ఎన్ని పీలుస్తున్నారో అదే మీ గురించి మీకు చెబుతుంది.

ఇంకా కొనకండి ఏమీ. ముందు ఒక టీమ్ ట్రైనింగ్ రోజుకి వెళ్లి తాడు పట్టుకోనిమ్మని అడగండి. కనీసం ఏడాది తాడు పట్టండి. ఇంట్లోవాళ్లని కూడా ఒకరోజు తీసుకెళ్లి చూపించండి, బ్యాకప్ డైవర్ కుర్చీలో కూర్చున్న మనిషిని చూస్తే వాళ్ల భయం కొంత తగ్గుతుంది. చేరేముందు లీడర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "చివరిసారి మీరు డైవ్ ఎప్పుడు వద్దన్నారు, ఎందుకు?" తేదీతో సహా వెంటనే చెప్పగలిగితే ఆ టీమ్‌లో పేరు ఇవ్వండి. ఆలోచించాల్సి వస్తే ఇంకో టీమ్ చూసుకోండి.